పదును తెలిసినవాళ్లదే పందెం

తిరనాళ్ల మైదానంలోని మట్టి బాట కార్ల రేసింగ్‌కు పుట్టిల్లు ఎలా అయింది? రేసింగ్ అంటే ప్రాణం పెట్టే కుర్రకారుకు ఆ కథలో దొరికే ఉద్యోగ పాఠం ఏమిటి?

సంక్రాంతికి గుడివాడలో ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలు చూశారా? ముదినేపల్లి, మండవల్లి, బంటుమిల్లి వైపు కుర్రాళ్లలో చూడనివాళ్లు తక్కువే. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, జూనియర్స్, సీనియర్స్ అంటూ విభాగాలు. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. జనం కళ్లన్నీ ఎడ్ల మీద, వాటిని అదిలించేవాళ్ల మీద.

ఈసారి కాస్త కిందకు చూడండి. ఎడ్ల కాళ్ల కింద నేల ఎలా ఉంది? మరీ గట్టిగా ఉంటే గిట్ట జారుతుంది. మరీ మెత్తగా ఉంటే బండ దిగబడుతుంది. ఆ నేలను చదును చేసినవాళ్లు, జనం లోపలికి తోసుకు రాకుండా అడ్డు కట్టినవాళ్లు, అడుగులు కొలిచి రాసేవాళ్లు, పశువుల డాక్టరు... వీళ్లెవరి పేరూ మైకులో వినిపించదు. వీళ్లు లేకపోతే పోటీయే లేదు.

ఇప్పుడు ఎడ్ల స్థానంలో కార్లను ఊహించుకోండి. నూట ఇరవై ఏళ్ల కిందట అమెరికాలో జరిగింది దాదాపు అదే.

గుర్రాల బాట మీదికి కారు

అమెరికాలో పల్లె జనానికి పెద్ద పండగ వ్యవసాయ ప్రదర్శన. జిల్లాకొకటి, రాష్ట్రానికొకటి జరిగేవి. రైతులు మేలుజాతి పశువులను, పండించిన ధాన్యాన్ని తెచ్చి పోటీకి పెట్టేవారు. కొత్త వ్యవసాయ యంత్రాలు చూసి బేరమాడేవారు. మన తిరనాళ్లలాగే తినుబండారాల అంగళ్లు, రంగులరాట్నాలు సరేసరి. ఆ మైదానంలో కోడిగుడ్డు ఆకారంలో ఒక మట్టి బాట ఉండేది. చుట్టుకొలత అర మైలు లేదా మైలు. అది గుర్రప్పందేల కోసం వేసింది. చుట్టూ చెక్క కంచె, ఒక పక్క జనం కూర్చోవడానికి గ్యాలరీ.

1900 దాటాక కార్లు వచ్చాయి కానీ వాటి వేగం చూపించే రోడ్లు లేవు. ఉన్నవి బండ్ల బాటలు. బాట, కంచె, గ్యాలరీ, టికెట్టు కొనే జనం అన్నీ సిద్ధంగా ఉన్న చోటు తిరనాళ్ల మైదానమే. అలా 1903 సెప్టెంబరు 11న విస్కాన్సిన్ రాష్ట్ర ప్రదర్శన మైదానంలో కార్లు పరుగెత్తాయి. మిల్వాకీ మైల్‌గా పేరున్న ఆ ట్రాక్ నేటికీ ఉంది. అదే ఏడాది జూన్‌లో ఇండియానా రాష్ట్ర ప్రదర్శన మైదానంలో బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అనే డ్రైవర్ గుండ్రటి మట్టి బాట మీద మైలు దూరాన్ని నిమిషంలోపు, 59.6 సెకన్లలో పూర్తిచేశాడు. గంటకు దాదాపు 97 కిలోమీటర్ల వేగమన్నమాట. ఈ రోజు మీ బైకుకు అదో లెక్క కాదు. కానీ గుర్రం కంటే వేగంగా పోయేది ఎన్నడూ చూడని రైతుకు అది నోరు తెరిచి చూసే వింత.

ఇక్కడొక వ్యాపార సూత్రం కూడా ఉంది. ఎడ్లను చూసి కొన్నట్టే జనం కార్లనూ పరుగులో చూసి కొన్నారు. కార్ల కంపెనీలకు రేసే ప్రకటన, రేసే పరీక్ష. ఇండియానాపోలిస్‌లో కార్లు అమ్ముకునే కార్ల్ ఫిషర్ కూడా ఈ మట్టి బాటల మీద పోటీపడినవాడే. కార్లను గట్టిగా పరీక్షించాలంటే గుర్రాల బాట చాలదని అతనికి అర్థమైంది. 1909లో భాగస్వాములతో కలిసి ఇండియానాపోలిస్ మోటార్ స్పీడ్‌వే కట్టాడు. మొదట కంకర, తారు కలిపి వేసిన నేల ఆగస్టులో జరిగిన తొలి కార్ల పోటీలకే ఛిద్రమై ప్రాణాలు తీసింది. దాంతో దాదాపు 32 లక్షల ఇటుకలు పరిచి మళ్లీ కట్టారు. ప్రపంచానికి ఇండీ 500ను ఇచ్చిన చోటు అదే. డబ్బు, పేరు, గ్యాలరీ అన్నీ ఉన్నా నేల సంగతి తేలకపోతే ఏమవుతుందో మొదటి ఏడాదే తెలిసొచ్చింది.

కంచె అవతల జనం

ఈ కథలో దాటేయకూడని పేజీ ఒకటుంది. 1911 సెప్టెంబరు 16. న్యూయార్క్ రాష్ట్ర ప్రదర్శన మైదానం, సిరక్యూజ్. మైలు మట్టి బాట మీద రేసు నడుస్తోంది. లీ ఓల్డ్‌ఫీల్డ్ అనే డ్రైవర్ కారు టైరు పేలింది. కారు అదుపు తప్పి, కంచెను చీల్చుకుని జనంలోకి దూసుకెళ్లింది. 11 మంది చనిపోయారు.

వాళ్లెవరూ రేసర్లు కాదు. పండగ చూడ్డానికి వచ్చినవాళ్లు. గుర్రం అదుపు తప్పితే ఆపడానికి కట్టిన కంచె కారును ఆపలేకపోయింది. పాత బాట మీద కొత్త వేగాన్ని వదిలేటప్పుడు కంచెను కూడా కొత్తగా ఆలోచించాలన్న సంగతి ఇలాంటి చావులతో తెలిసొచ్చింది. ఇవాళ రేసింగ్‌లో కాంక్రీటు గోడలు, ఇనుప వలలు, జెండాలు పట్టుకుని నిలబడే మార్షళ్లు, అంబులెన్సు సిద్ధంగా లేనిదే మొదలుపెట్టకూడదన్న నిబంధన కనిపిస్తాయంటే, ప్రతి దాని వెనకా ఒక ప్రమాదం ఉంది. భద్రత ఒక పెద్ద ఉద్యోగ రంగంగా ఎదిగింది కూడా అలాగే.

మట్టికీ ఓ ఇంజినీరింగ్

మట్టి ట్రాక్ అంటే ఖాళీ నేల మీద కార్లు తోలడం అనుకుంటే పొరపాటే. మన రైతు నోట రోజూ నలిగే మాట ఒకటుంది: పదును. వాన పడ్డాక నేల దున్నడానికి వీలుగా, మరీ తడి కాకుండా, మరీ పొడి కాకుండా ఉండే స్థితి. మట్టి ట్రాక్ నిర్వాహకుడి ఉద్యోగమంతా ఆ పదును కాపాడటమే.

అయోవా రాష్ట్రంలోని నాక్స్‌విల్ అనే చిన్న ఊరినే తీసుకోండి. జనాభా ఏడున్నర వేలు. అక్కడి జిల్లా ప్రదర్శన మైదానంలో అర మైలు నల్లమట్టి ట్రాక్ ఉంది. ఆ మట్టి మన రేగడిలాగే తడిస్తే ఉబ్బి జిగురెక్కుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. రేసు రోజు మట్టిని గుల్లచేసి, ట్యాంకర్లతో నీళ్లు పెట్టి, బరువైన వాహనాలు తిప్పి అణగదొక్కుతారు. నీళ్లు తక్కువైతే దుమ్ము లేచి ముందు కారు కనపడదు. ఎక్కువైతే గుంతలు పడతాయి.

రేసు మొదలయ్యాక నేల గంట గంటకూ మారిపోతుంది. తొలి పందేల్లో తడి మట్టి టైరును పట్టుకుంటుంది. పొద్దుపోయేసరికి మధ్యలో మట్టి నున్నగా గచ్చులా మెరుస్తూ జారుతుంది. చక్రాలు విసిరిన వదులు మట్టి బయటి అంచున గట్టులా పేరుకుంటుంది. కొందరు డ్రైవర్లు ఆ గట్టుకు చక్రం ఆనించి పోతారు, కొందరు లోపలి అంచు పట్టుకుంటారు. పందేనికీ పందేనికీ మధ్య మెకానిక్కులు చక్రాలకు, బాడీకి అంటిన బురద గీకేస్తారు. ఆ బరువు కూడా లెక్కే మరి. టైర్లలో గాలి, గేరు నిష్పత్తి, కారు నెత్తిన ఉండే రెక్క వాలు... అన్నీ నేలను చూసి మారుస్తారు.

అక్కడ పరుగెత్తేవి స్ప్రింట్ కార్లు. పెద్ద తరగతి కారు ఇంజిన్ సామర్థ్యం దాదాపు 6.7 లీటర్లు, శక్తి సుమారు 900 హార్స్‌పవర్, ఇంధనం మిథనాల్. స్టార్టర్ మోటారు ఉండదు. వెనక నుంచి ఇంకో బండి తోస్తేనే స్టార్ట్ అవుతుంది! ట్రాక్ ఎడమకు తిరుగుతుంటే డ్రైవర్ స్టీరింగ్ కుడికి తిప్పి, కారును అడ్డంగా జార్చుకుంటూ మలుపు దాటిస్తాడు.

మెకానికల్ విద్యార్థులకు ఇక్కడో ప్రశ్న. ఆ కారు వెనక ఇరుసుకు డిఫరెన్షియల్ ఉండదు, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కదా, మరెలా? జవాబు: కుడి వెనక టైరును ఎడమదానికంటే పెద్దది వేస్తారు. ఎంత పెద్దదన్నది మళ్లీ ఆ రోజు నేలను బట్టే. పుస్తకంలో ఒక పేరాగా చదివేసే డిఫరెన్షియల్ పాఠం ఇలా ఒక్క ఉదాహరణతో బుర్రకెక్కుతుంది. ఇంటర్వ్యూలో చెప్పినా వినేవాళ్లు తల పైకెత్తుతారు.

తారు వచ్చింది, మట్టి మిగిలింది

కాలం మారింది. మిల్వాకీ ట్రాక్‌కు 1954లో తారు పడింది. 1970 సెప్టెంబరు 30న నార్త్ కరోలినా రాష్ట్ర ప్రదర్శన మైదానంలో రిచర్డ్ పెట్టీ గెలిచిన రేసుతో నాస్కార్ పెద్ద తరగతి పోటీలు మట్టిని వదిలేశాయి. మళ్లీ మట్టి మీదికి రావడానికి 2021 దాకా పట్టింది. అదీ బ్రిస్టల్‌లో కాంక్రీటు ట్రాక్ మీద మట్టి పోయించి మరీ! సిరక్యూజ్ మైలు బాట మీద 2015లో చివరి రేసు జరిగింది, తర్వాత దాన్ని తొలగించారు.

మరి నాక్స్‌విల్ ఎందుకు నిలిచింది? 1954 నుంచి అక్కడ సీజన్‌లో వారం వారం రేసులు మొదలయ్యాయి. 1961లో నాక్స్‌విల్ నేషనల్స్ పుట్టింది. ఏటా ఆగస్టులో జరిగే ఆ పోటీ ఇవాళ స్ప్రింట్ కార్లకు అతి పెద్ద పండగ. 1992లో స్ప్రింట్ కార్ల మ్యూజియం కూడా అక్కడే వెలిసింది. వారం వారం రేసు ఉంటే వారం వారం విరిగే ఛాసిస్ ఉంటుంది, అతికే వెల్డర్ ఉంటాడు, టైర్లు అమ్మే దుకాణం ఉంటుంది, టైమింగ్ చూసేవాళ్లు, నీళ్ల ట్యాంకరు తోలేవాళ్లు, భోజనాలు వండేవాళ్లు ఉంటారు. ఏడాదికోసారి వచ్చే వైభవం కంటే వారానికోసారి ఉండే పనే ఒక వృత్తిని బతికించింది. అక్కడ రాటుదేలినవాళ్లు పై మెట్లూ ఎక్కారు. కైల్ లార్సన్ 2021లో నాక్స్‌విల్ నేషనల్స్ గెలిచాడు. అదే ఏడాది నాస్కార్ కప్ చాంపియన్ కూడా అతనే.

మన దగ్గర అన్నీ అరువు నేలలే

మన వైపు కథ కూడా అరువు నేల మీదే మొదలైంది. మద్రాసుకు ఉత్తరాన, మన నెల్లూరు వైపు వచ్చే దారిలో షోళవరం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడి రేసు బాటగా మారింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ దశాబ్దాల పాటు పోటీలు నడిపింది. చివరికి సొంత నేల కావాలని శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ కట్టుకుంది. 1990 నుంచి అదే దక్షిణాది రేసింగ్‌కు ఇల్లు. కోయంబత్తూరులో మారుతి 800 ఇంజిన్‌తో చవకగా రేసు కారు తయారుచేసిన కరివర్ధన్ పేరుతో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. తొలి భారతీయ ఫార్ములా వన్ డ్రైవర్ నరైన్ కార్తికేయన్‌దీ కోయంబత్తూరే. సొంత ట్రాక్, ఏడాది పొడవునా పని ఉన్నచోటే నైపుణ్యం పాదుకుందన్నమాట.

ఇప్పుడు హైదరాబాద్ చూడండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున దేశంలో తొలి ఫార్ములా ఈ రేసు జరిగింది. దాదాపు 2.8 కిలోమీటర్ల వీధి బాట. అందరం గొప్పగా చెప్పుకొన్నాం. 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండోది రద్దయింది. చెన్నైలో ఏటా పర్యాటక, పారిశ్రామిక ప్రదర్శన జరిగే ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ వీధుల్లో వీధి రేసు పెట్టాలనుకున్నారు. 2023 డిసెంబరులో మన డెల్టా వరి పనలను ముంచిన మిచాంగ్ తుపానే దాన్నీ ఆపింది. చివరికి 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో రాత్రి దీపాల వెలుగులో జరిగింది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ 2011, 2012, 2013... మూడేళ్లతో సరి.

దీన్నుంచి మీరు తీసుకోవాల్సింది ఒకటే. మన దేశంలో రేసులు ఉన్నాయి, కానీ రేసుల మీదే బతికేంత పని ఇంకా కొద్దిచోట్లే ఉంది. కాబట్టి రేసింగ్‌ను గమ్యం చేసుకోకండి, బడి చేసుకోండి. అక్కడ నేర్చిన పని ఆటోమొబైల్ రంగంలో ఎక్కడైనా చెల్లుతుంది.

మీ చదువుకు ఏ పని?

బీటెక్ విద్యార్థులైతే: మట్టి మీద పరుగెత్తే కారును మీరే కట్టే పోటీ ఒకటుంది, బాజా ఎస్ఏఈ ఇండియా. 2007 నుంచి జరుగుతోంది. ఒక్కరు కూర్చునే బగ్గీని విద్యార్థి బృందమే డిజైన్ చేసి, కట్టి, రాళ్లూ గుంతలూ ఉన్న బాట మీద గంటల తరబడి నడపాలి. తారు బాట కార్లకు ఫార్ములా భారత్ ఉంది. డిజైన్ ఎందుకు అలా చేశారో, ఖర్చు ఎంతయిందో కూడా జడ్జీలకు వివరించాలి. మీ కాలేజీలో జట్టు లేకపోతే ప్రిన్సిపల్‌ను అడగండి. మెకానికల్ వాళ్లే కాదు, సెన్సర్ల కోసం ఈసీఈ, స్పాన్సర్ల కోసం ఎంబీఏ విద్యార్థులు కూడా కావాలి.

సివిల్ విద్యార్థులైతే: పదును అన్న మాటకు మీ ల్యాబ్‌లో ఇంకో పేరుంది, ఆప్టిమమ్ మాయిశ్చర్ కంటెంట్. ప్రాక్టర్ పరీక్షలో మీరు గీసే వంపు గీత చెప్పేది అదే: ఎంత తడి దగ్గర మట్టి బాగా గట్టిపడుతుందని. రోడ్డు, చెరువు గట్టు, రేసు ట్రాక్ అన్నింటికీ అదే లెక్క. నల్లరేగడి మధ్య పెరిగిన మీకు దీని మీద ఉన్న అవగాహన చిన్నదేం కాదు.

ఐటీఐ, డిప్లొమా వాళ్లయితే: మెకానిక్ మోటార్ వెహికల్, వెల్డర్ ట్రేడ్లు, డిప్లొమాలో ఆటోమొబైల్, మెకానికల్ ఈ పనికి దగ్గరివి. పలచటి గొట్టాలను శుభ్రంగా అతకగల వెల్డర్‌కు ఎక్కడైనా గిరాకీయే. చదువయ్యాక ఐటీఐ వాళ్లు జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద, డిప్లొమా, డిగ్రీ వాళ్లు నాట్స్ కింద శిక్షణ ఖాళీలు వెతుక్కోవచ్చు. మన చుట్టూనే చూడండి. విజయవాడ ఆటోనగర్ ఉంది. మల్లవల్లిలో 2025 మార్చిలో ప్రారంభమైన అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు ఉంది. కాస్త దూరమైనా పర్వాలేదంటే పెనుకొండలో కియా, శ్రీసిటీలో ఇసుజు ఉన్నాయి.

డిగ్రీ, నర్సింగ్, పారామెడికల్ వాళ్లయితే: రేసు నడవాలంటే మార్షళ్లు, టైమింగ్ సిబ్బంది, వైద్య బృందం తప్పనిసరి. మార్షళ్లలో ఎక్కువమంది స్వచ్ఛందంగా చేసేవాళ్లే, కాబట్టి దాన్నే జీతంగా లెక్కేసుకోవద్దు. కానీ వేలమంది జనం, నిమిషాల లెక్క, ప్రమాదం జరిగితే ఎవరేం చేయాలన్న ముందస్తు ప్రణాళిక... ఈ అనుభవం ఈవెంట్ మేనేజ్‌మెంట్‌కు, అత్యవసర సేవలకు పనికొస్తుంది. దేశంలో డ్రైవర్లకు, అధికారులకు లైసెన్సులిచ్చే సంస్థ భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య. ఏ పోటీకి వెళ్లినా దాని అనుమతి ఉందో లేదో ముందు చూసుకోండి.

డ్రైవరే కావాలనుకుంటే? దారి కార్టింగ్‌తో, చాలామందికి చిన్నతనంలోనే మొదలవుతుంది. ఖర్చు ఎక్కువ. ఇంట్లో పొలం తాకట్టు పెట్టించే ముందు రెండుసార్లు కాదు, పదిసార్లు ఆలోచించండి. 'మా కోర్సు చేస్తే రేసింగ్ టీమ్‌లో ఉద్యోగం ఖాయం' అనే ప్రకటన కనిపిస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఇప్పటిదాకా చేరినవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారు? వాళ్లతో నన్ను మాట్లాడనిస్తారా? మధ్యలో మానేస్తే ఫీజు వెనక్కిస్తారా? నీళ్లు నమిలితే మీ డబ్బు మీ జేబులోనే ఉంచుకోండి.

రోడ్డు ట్రాక్ కాదు

చివరగా ఒక మాట, పెద్దన్నయ్య చెప్పినట్టు వినండి. రాత్రి పదింటికి ఖాళీగా కనిపించే గుడివాడ-కైకలూరు రోడ్డు రేసు బాట కాదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం కడితే మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా. దరఖాస్తులో 'మీపై కేసులున్నాయా?' అన్న గడి దగ్గర, పోలీసు వెరిఫికేషన్ దగ్గర అది మళ్లీ ఎదురవుతుంది. దానికంటే పెద్ద సంగతి, సిరక్యూజ్‌లో కనీసం చెక్క కంచె అయినా ఉంది. మన రోడ్డు పక్కన చేపల లోడు బండి ఆపుకుని టీ తాగేవాళ్లకూ, పొలం నుంచి సైకిలు మీద ఇంటికొచ్చే పెద్దాయనకూ అది కూడా లేదు.

సింగరాయపాలెం షష్ఠి తిరనాళ్లకో, వచ్చే సంక్రాంతికి గుడివాడ పోటీలకో వెళ్లినప్పుడు నిర్వాహకులను కలిసి ఏదో ఒక పని అడిగి తీసుకోండి. జనాన్ని అదుపు చేయడమో, సమయం రాయడమో, నేల చదును చూడటమో. ఆ రోజు ఏం చేశారు, ఎక్కడ తప్పు జరిగింది, ఎలా సర్దారు అన్నది ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో రాసుకోండి. 'బృందంతో కలిసి ఒత్తిడిలో పనిచేసిన సందర్భం చెప్పండి' అని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు గూగుల్‌లో వెతికిన జవాబు చెప్పాల్సిన అవసరం ఉండదు. మీ చేతికి మట్టి అంటిన రోజు గురించే చెప్పొచ్చు.